థ్రిల్లర్ వీడియోకి డబ్బులెవరిచ్చారు?

చిరంజీవి గారి 'దొంగ' (1985)లో గోలీమార్ పాట చూసే ఉంటారు. అది మైకేల్ జాక్సన్ 'థ్రిల్లర్' చూసి చేసిందే. మరి థ్రిల్లర్ వీడియో ఎందుకు తీశారు?

ఆల్బమ్ వచ్చింది 1982 నవంబర్‌లో. 1983 వేసవిలో నంబర్ వన్ స్థానం నుంచి జారింది. జాక్సన్‌కి ఆ స్థానం మళ్లీ కావాలి. 'యాన్ అమెరికన్ వేర్‌వుల్ఫ్ ఇన్ లండన్' తీసిన జాన్ లాండిస్‌ని పిలిచాడు. ఖర్చు లెక్క చూసి రికార్డు కంపెనీ అంత పెట్టలేమంది. పాత ఆల్బమ్‌కి ఇంకా ఖర్చేంటని వాళ్ల బాధ!

అసలు తెలివి ఇక్కడుంది. వీడియోలకి డబ్బులివ్వకూడదని ఎంటీవీ రూలు. సరే, వీడియోకి వద్దు, దాని మేకింగ్ డాక్యుమెంటరీకి ఇవ్వండన్నారు. ఎంటీవీ, షోటైమ్ రెండూ కొన్నాయి. అలా దాదాపు 14 నిమిషాల సినిమా తయారైంది. తర్వాత ఆ డాక్యుమెంటరీని క్యాసెట్‌గా కూడా అమ్మారు, అది వేరే లాభం.

ఇంకో సంగతి. ఆ ఏడాది మొదట్లోనే, నల్లజాతి కళాకారుల్ని ఇంత తక్కువ చూపిస్తారేంటని డేవిడ్ బౌవీ ఎంటీవీ ఇంటర్వ్యూలోనే నిలదీశాడు. ఏడాది తిరక్కుండా అదే ఛానల్ ఒక నల్లజాతి గాయకుడి వీడియో కోసం దొడ్డిదారిన డబ్బు కట్టింది. జాంబీల డాన్సు కంటే నాకు ఈ సీనే ఇష్టం.

వీడియో డిసెంబర్ 2న టీవీలో వచ్చింది. ఆ నెలలోనే ఆల్బమ్ మళ్లీ నంబర్ వన్.