ఖాళీ హ్యాంగరును విమాన మరమ్మతు కేంద్రంగా మార్చడానికి అవసరమైన ఏర్పాట్లు, అనుమతులు

విమానాశ్రయాలలో నిరుపయోగంగా ఉన్న హ్యాంగరును మరమ్మతు కేంద్రంగా మార్చడం కొత్త భవనం నిర్మించడం కంటే సులభమైన పనిగా కనిపిస్తుంది. అయితే భవనం సిద్ధమైనంత మాత్రాన అది మరమ్మతు కేంద్రం కాజాలదు. పౌర విమానయాన డైరెక్టరేట్ జనరల్ (డీజీసీఏ) సీఏఆర్-145 నిబంధనల కింద ఆమోదం తెలిపిన తరువాతే అక్కడ మరమ్మతు చేసిన విమానాన్ని తిరిగి సేవలోకి విడుదల చేసే అధికారం ఆ సంస్థకు లభిస్తుంది.

కొలతలు: ముందుగా ఏ రకం విమానాలకు సేవలు అందించాలో నిర్ణయించుకోవాలి. శిక్షణకు వాడే సెస్నా-172 రెక్కల వెడల్పు సుమారు 11 మీటర్లు కాగా, ఏటీఆర్-72కు 27 మీటర్లు, షార్క్‌లెట్లు అమర్చిన ఎయిర్‌బస్ ఎ-320కి 35.8 మీటర్లు. ఎ-320 తోక ఎత్తు దాదాపు 11.8 మీటర్లు. చక్రాల పనితీరును పరీక్షించడానికి విమానాన్ని జాకీలపై పైకి లేపవలసి ఉంటుంది కనుక పైకప్పు ఎత్తును ఆ మేరకు లెక్కించాలి. జాకీల కింద భారమంతా కొద్దిపాటి స్థలంపైనే పడుతుంది కనుక నేల పటుత్వాన్ని ఇంజనీర్లచే పరీక్షింపజేయాలి.

సదుపాయాలు: దుమ్ము రేగని, నూనె ఇంకని నేల, తగిన వెలుతురు, స్థిర విద్యుత్తును భూమిలోకి పంపే ఎర్తింగ్ ఏర్పాట్లు అవసరం. సాధారణ విద్యుత్ సరఫరా 50 హెర్ట్జ్ కాగా పెద్ద విమానాలకు 115 వోల్టుల, 400 హెర్ట్జ్ విద్యుత్ కావాలి. ఇంధనం, రంగులు, ద్రావకాల వల్ల అగ్నిప్రమాద అవకాశం ఎక్కువ కనుక నురుగుతో మంటలను అదుపు చేసే పరికరాలు సిద్ధంగా ఉంచాలి. పనికివచ్చే విడిభాగాలను, పనికిరాని వాటిని వేర్వేరుగా, తాళం వేసిన గదులలో భద్రపరచాలి. కొలత పరికరాలను నిర్ణీత కాలంలో ప్రమాణీకరించాలి.

సిబ్బంది: విమానాన్ని ధ్రువీకరించి సంతకం చేసే ఇంజనీర్లకు సీఏఆర్-66 ప్రకారం లైసెన్సు ఉండాలి. ఇంజను, యాంత్రిక విభాగాలకు బి-1, విద్యుత్, ఏవియానిక్స్ విభాగాలకు బి-2 లైసెన్సులు ప్రధానమైనవి. పని విధానాలన్నింటినీ వివరించే నిర్వహణ గ్రంథాన్ని సంస్థ డీజీసీఏకు సమర్పించాలి. ఆమోదం ఏ విమానాలకు, ఏ స్థాయి పనులకు వర్తిస్తుందో ఆమోదపత్రంలో పేర్కొంటారు. ఆ పరిధి దాటి పని చేయరాదు.

రాష్ట్ర శాఖల పాత్ర: భద్రతా ఆమోదం కేంద్ర పరిధిలోనిది. అగ్నిమాపక శాఖ నిరభ్యంతర పత్రం, వాడిన నూనెలు, రసాయన వ్యర్థాలకు కాలుష్య నియంత్రణ మండలి అనుమతి, విద్యుత్ సరఫరా రాష్ట్ర శాఖల ద్వారా లభించవలసినవి. ఇవి ఆలస్యమైతే సిద్ధమైన హ్యాంగరు సైతం ఖాళీగానే ఉండిపోతుంది.

నేపథ్యం: దేశంలో విమాన మరమ్మతు సేవలపై జీఎస్టీని 2020 ఏప్రిల్ 1 నుంచి 18 శాతం నుంచి 5 శాతానికి తగ్గించారు. 2024 జూలైలో దిగుమతి చేసుకునే విడిభాగాలపై ఒకే విధంగా 5 శాతం ఐజీఎస్టీని వర్తింపజేశారు. హైదరాబాద్ శంషాబాద్‌లో 2025 నవంబరు 26న సాఫ్రాన్ సంస్థ లీప్ ఇంజన్ల మరమ్మతు కేంద్రం ప్రారంభమైంది.

ఇటువంటి కేంద్రాల గురించి సమాచారం ఇచ్చేటప్పుడు భవనం ప్రారంభోత్సవ తేదీని, డీజీసీఏ ఆమోదం లభించిన తేదీని వేర్వేరుగా పేర్కొనడం సముచితం. ప్రయాణికుల భద్రతకు పూచీ రెండవ తేదీ నుంచే మొదలవుతుంది.