ముద్దయీ - ముద్దాయి

వకీలు, వకాల్తనామా, దావా, ఫిర్యాదు, హాజరు, జామీను, జప్తు, ఖైదు. కోర్టు మెట్లెక్కిన తెలుగువాడెవడూ ఈ మాటలు లేకుండా దిగలేడు. అన్నీ అరబ్బీ, ఫారసీల నుంచి వచ్చి తెలుగైపోయినవే. వాటినిప్పుడు ఎవరూ పరాయి మాటలనరు. ఆ మాటలు ఇంట్లో మాట్లాడుకునే మేమే న్యాయం చదువుకు పరాయివాళ్లమైపోయాం.

అందులో ఒక మాట ఉంది. ఉర్దూలో ముద్దయీ అంటే దావా వేసినవాడు, న్యాయం అడిగేవాడు. తెలుగులో ముద్దాయి అంటే నేరం మోపబడ్డవాడు. ఆ రెంటి సంబంధమేమిటో భాషావేత్తలు తేల్చుకోనీ. మాకు మాత్రం ఆ రెంటి నడుమ మా చరిత్రే కనబడుతుంది.

హైదరాబాదు రాజ్యంలో 1880లలో కచేరీ భాష ఫారసీ నుంచి ఉర్దూకు మారింది. 1917లో దారుత్తర్జుమా పెట్టి ఇంగ్లీషు గ్రంథాలను ఉర్దూలోకి తేవడం మొదలుపెట్టారు. న్యాయశాస్త్రం కూడ అట్లా వచ్చింది. ఉస్మానియాలో 1919లో ఇంటర్మీడియట్ తరగతులు, 1923లో ఎల్.ఎల్.బి. మొదలయ్యాయి. ఇంగ్లీషు రాజ్యమేలుతున్న రోజుల్లో దేశభాషలో లా చెప్పడం చిన్న సంగతి కాదు. గర్వంగానే చెప్పుకుంటాం. అయితే ఆ కచేరీలో తెలుగు రైతుకు తన కేసే అర్థమయ్యేది కాదన్న మాట కూడ మేమే చెప్పాలి. 1938లో వందేమాతరం పాడినందుకు ఉస్మానియా వెళ్లగొట్టిన విద్యార్థుల్లో మా పాత కరీంనగర్ జిల్లా వంగరకు చెందిన పి.వి. నరసింహారావు ఒకరు. ఆయన లా పట్టా నాగపూర్‌లో తెచ్చుకోవలసి వచ్చింది.

1948 సెప్టెంబరు తర్వాత అంతా తిరగబడింది. ఉస్మానియాలో ఉర్దూ పోయి ఇంగ్లీషు వచ్చింది. ఉర్దూలో లా చదివిన వకీలు చేతిలోని పుస్తకాలు ఒక్కసారిగా పాతబడ్డాయి. రాజ్యాంగం 348వ అధికరణం పై కోర్టులకు ఇంగ్లీషునే ఖాయం చేసింది. న్యాయం మా నుంచి తీసుకుని తెలుగు రైతుకేమైనా ఇచ్చారా? అదీ లేదు.

ఇక మా జ్యోతినగర్. రామగుండం విద్యుత్ కేంద్రానికి 1978 నవంబరు 14న మొరార్జీ దేశాయి పునాదిరాయి వేశారు. 1983లో మొదటి యూనిట్ నడిచింది. ఆ కేంద్రం కాలనీయే జ్యోతినగర్. పక్కనే గోదావరిఖని బొగ్గుబావులు. ఇటువంటి చోట ఇంటర్ అంటే ఎం.పి.సి.యే, కాకుంటే ఐ.టి.ఐ. పిల్లవాడు మోటారు విప్పి బిగించగలిగితే తల్లిదండ్రులకు ధీమా. లా అన్నది ఇంటర్‌లో సబ్జెక్టే కాదు. సి.ఇ.సి., హెచ్.ఇ.సి. పిల్లల సివిక్స్‌లో రాజ్యాంగం పాఠాలు కొన్ని ఉంటాయి, అవీ మార్కుల కోసం. ఇంగ్లండులో పదహారేండ్ల పిల్లలు ఏ-లెవెల్లో నేరచట్టం చదువుకుంటారు. ఇక్కడ సి.బి.ఎస్.ఇ. 2013 నుంచి పదకొండు, పన్నెండు తరగతుల్లో లీగల్ స్టడీస్‌ను ఐచ్ఛికంగా పెట్టింది. బావిలో దిగే కార్మికుడి పిల్లలు ఆ బడుల్లో ఎందరుంటారు?

మాకు ఈ చదువు సరదా కాదు. టాడా 1985 నుంచి 1995 దాకా, పోటా 2002 నుంచి 2004 దాకా నడిచాయి. మామూలు చట్టంలో పోలీసు ముందు చేసిన ఒప్పుకోలు సాక్ష్యం కాదు. ఆ రెండు చట్టాల్లో ఎస్.పి. ముందు చేసిన ఒప్పుకోలు సాక్ష్యమయింది. ఈ తేడా పట్టుకెళ్లినవాళ్లకు తెలుసు, పట్టుబడ్డవాడికి తెలియదు. అరెస్టు కారణం చెప్పాలనీ, వకీలును కలవనివ్వాలనీ, ఇరవైనాలుగు గంటల్లో మెజిస్ట్రేటు ముందు నిలబెట్టాలనీ 22వ అధికరణం అంటుంది. మా పదిహేడేండ్ల కుర్రవాడికి త్రికోణమితి కంటే ముందు ఇది కావాలంటే తప్పా?

పోనీ, ఇది మా ఒక్కరి గొడవే అనుకునేవాళ్లకు భూమి సంగతి చెప్తాం. 2013 చివరిదాకా భూములు తీసుకున్నది 1894 నాటి చట్టం కింద. పరిహారం చాలదనుకున్నవాడు కోర్టుకు పంపమని 18వ సెక్షను కింద కలెక్టరును అడగగలిగేవాడు. అవార్డు నాడు ఎదురుగా ఉన్నవాడికి గడువు ఆరు వారాలు ఉండేది. కాని అభ్యంతరం చెప్పకుండా డబ్బు పుచ్చుకుంటే ఆ హక్కు పోయేది. యాదవుడి చెలకకైనా, షేకు చెలకకైనా ఒకటే లెక్క. మేం చదివిన ఇంటర్ సివిక్స్ పుస్తకంలో ఈ ఆరు వారాల సంగతి లేదు.