మంచం దిగిన ముసలివాళ్ళు

"ఒకరిచేత చేయించుకోకుండా, కాలూ చెయ్యీ ఆడుతుండగానే పోవాలి" అని మన పెద్దవాళ్ళు అనుకోవడం వింటూనే ఉంటాం. ఆ మాటలో చావు భయం కన్నా, పక్క తడుస్తుందేమోనన్న సిగ్గే నాకు ఎక్కువ వినిపిస్తుంది. వయసు మీద పడ్డాక అది తప్పదని మనమూ అనుకుంటాం. ఒకప్పుడు డాక్టర్లూ అలాగే అనుకున్నారు. కాదని చేసి చూపించిన ఒకావిడ గురించి చెప్పాలనిపించింది.

1935లో లండన్‌కు పడమటగా ఉన్న వెస్ట్ మిడిల్‌సెక్స్ ఆసుపత్రి, పక్కనే ఉన్న వర్క్‌హౌస్ వార్డులను తనలో కలుపుకుంది. వర్క్‌హౌస్ అంటే దిక్కులేని పేదలను ఉంచే చోటు. అక్కడున్న 714 మంది రోగుల బాధ్యత డాక్టర్ మార్జొరీ వారెన్ మీద పడింది. వాళ్ళలో ఎంతోమంది ఏళ్ళ తరబడి మంచం దిగనివాళ్ళు. జబ్బేమిటో పట్టించుకున్నవాళ్ళు లేరు. తిండి పెట్టడం, పక్క మార్చడం, అంతే.

ఆవిడ ఒక్కొక్కరినీ పరీక్షించింది. లేచి తిరగగలవాళ్ళు, మంచం మీదే ఉన్నా మూత్రం ఆపుకోగలవాళ్ళు, ఆపుకోలేనివాళ్ళు, మతి తప్పినవాళ్ళు అని వేరు చేసింది. ఎవరికి కావలసిన వైద్యం వాళ్ళకు చేయించి, మంచం దించి, నడిపించింది. చాలామంది ఇళ్ళకు వెళ్ళగలిగారు. ఈ అనుభవాలనే 1943లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో, 1946లో లాన్సెట్‌లో రాసింది. బ్రిటన్‌లో వృద్ధుల వైద్యానికి ఆవిడనే తల్లి అంటారు.

1948లో అమెరికా డాక్టరు ఆర్నాల్డ్ కెగెల్, కటి కండరాలను బిగించి వదిలే వ్యాయామాన్ని వివరించాడు. కాన్పుల తర్వాత దగ్గినా తుమ్మినా ఇబ్బంది పడే ఆడవాళ్ళకు ఇప్పటికీ అదే చెబుతారు. పెద్దల డైపర్లు దుకాణాల్లో మామూలైంది 1980ల తర్వాతే.

డైపరు మంచిదే. చేసేవాళ్ళకు రాత్రి కాస్త నిద్ర దొరుకుతుంది. కానీ లేవగలిగిన మనిషికి కూడా "అందులోనే కానివ్వండి మామయ్యా" అంటే, లేచే అలవాటు పోతుంది, కాళ్ళలో బలమూ పోతుంది. రెండు మూడు గంటలకోసారి చెయ్యి పట్టుకుని బాత్రూముకి తీసుకెళ్ళడం, అంత దూరం నడవలేకపోతే మంచం పక్కన కమోడ్ కుర్చీ వేయడం, రాత్రి ఒక దీపం వెలుగుతూ ఉంచడం మన చేతిలో పనులే. పక్క తడుస్తుందని నీళ్ళు తగ్గించకూడదు. మూత్రంలో ఇన్ఫెక్షన్, మలబద్ధకం, కొన్ని మాత్రలు కూడా దీనికి కారణం కావచ్చు, అందుకే ముందు డాక్టరుకి చూపించాలి.

వారెన్ ముందుగా వేసిన ప్రశ్న "ఈ మనిషికి ఏమైంది?" అనే. ఇంట్లో మనం దుప్పటి మార్చే ముందు అడగాల్సిందీ అదే.