రెసిడెన్సీ ఇంటర్వ్యూ (అమెరికా)

రెసిడెన్సీ ఇంటర్వ్యూ అనేది అమెరికా ఆసుపత్రులలో వైద్య పట్టభద్రులను శిక్షణకు ఎంపిక చేసే ప్రక్రియలో ఒక దశ. తెలుగు రాష్ట్రాల నుండి వెళ్ళే వైద్యులకు కూడా ఇది తప్పదు. 2020 నుండి అధికభాగం వీడియో ద్వారా జరుగుతున్నది.

పొరపాట్లు

దరఖాస్తులో పేర్కొన్న పరిశోధనను వివరించలేకపోవడం, బట్టీపట్టిన జవాబులు అప్పజెప్పడం తరచుగా కనిపించేవి. అంతకంటె నష్టకరమైనది ఇంటర్వ్యూ తరువాత జరుగుతుంది. అభ్యర్థులు, ఆసుపత్రులు వేర్వేరుగా సమర్పించిన ప్రాధాన్య క్రమాలను కంప్యూటరు జతపరుస్తుంది. దీనినే 'మ్యాచ్' అంటారు. "మీకు చోటు ఖాయం" వంటి మాటలు నమ్మి కొందరు తమ క్రమాన్ని మార్చుకుంటారు. ఆ హామీకి ఇందులో విలువ లేదు. 1998 నుండి అమలులో ఉన్న గణన పద్ధతి అభ్యర్థి కోరికనే ముందు పరిశీలిస్తుంది గనుక, అవకాశం తక్కువైనా నిజంగా ఇష్టమైన ఆసుపత్రిని మొదట వ్రాయడం వలన నష్టమేమీ ఉండదు. మార్చిలో వెలువడే ఫలితానికి ఇరుపక్షాలూ కట్టుబడవలసినదే. తమకు ఏ స్థానం ఇస్తారని ఆసుపత్రి వారు అభ్యర్థిని అడగడం నిబంధనలకు విరుద్ధం.