పట్టేసిన బోల్టు వెనక రెండు వందల ఏళ్ల కథ

ఈ రోజు రాజుల కథ చెప్పట్లేదు, కోటల కథా చెప్పట్లేదు. ఒక బోల్టు కథ చెప్తాను. కారు వెనక చక్రం దగ్గర స్ట్రట్‌ని పట్టి ఉంచే బోల్టు. కారు కొన్న రోజు నుంచి దాన్ని ఎవరూ పట్టించుకోరు. పదేళ్ల తర్వాత స్ట్రట్ మార్చాల్సి వచ్చినప్పుడు మాత్రం ఆ ఒక్క బోల్టు మీద సగం రోజు పోతుంది. షెడ్డులో మెకానిక్ పానా వేసి, పానాకి పైపు తొడిగి, పైపు మీద కాలు పెట్టి తొక్కినా కదలదు. "పట్టేసిందన్నా" అంటాడు. ఎందుకు పట్టేసింది? దాన్ని ఊడదీసే పద్ధతులు ఎక్కణ్ణుంచి వచ్చాయి? అక్కడ చాలా పెద్ద చరిత్ర ఉంది.

ముందు స్ట్రట్ అంటే ఏంటో చూద్దాం. బైక్ వెనక షాక్ అబ్జార్బర్ అందరూ చూసే ఉంటారు. చుట్టూ స్ప్రింగు, మధ్యలో ఆయిల్ ఉన్న గొట్టం. కారు స్ట్రట్ చూడ్డానికి అలాగే ఉంటుంది కానీ దాని పని ఇంకా ఎక్కువ. చక్రాన్ని నిటారుగా నిలబెట్టేది కూడా అదే. అంటే అది కుదుపు ఆపే సామాను మాత్రమే కాదు, బండి ఎముకల్లో ఒకటి. ఎముకని చక్రానికి కలిపే చోట రెండు లావుపాటి బోల్టులుంటాయి. ఈ రెండిటి మీద చక్రం భారం, బ్రేకు ఊపు, గుంతల దెబ్బ, అన్నీ పడతాయి.

ఈ డిజైన్ ఎర్ల్ మెక్‌ఫర్సన్ అనే అమెరికన్ ఇంజనీరుది. రెండో ప్రపంచ యుద్ధం అయిపోగానే జనరల్ మోటార్స్ కంపెనీ షెవర్లే క్యాడెట్ అనే చిన్న, చౌక కారు చేద్దామనుకుంది. ఆ పని ఈయనకి అప్పగించారు. చౌక కారు అంటే విడిభాగాలు తగ్గాలి. అందుకే స్ప్రింగు, షాక్ అబ్జార్బర్, పై చేయి చేసే పని, మూడూ కలిపి ఒకే ముక్కలో పెట్టేశాడు. 1947లో కంపెనీ ఆ కారునే ఆపేసింది. మెక్‌ఫర్సన్ ఫోర్డ్‌కి వెళ్లిపోయాడు. ఇంగ్లండులో తయారైన ఫోర్డ్ కాన్సల్, జెఫిర్ కార్లకి ముందు వైపు ఈ స్ట్రట్లు పెట్టారు. 1950లో లండన్ మోటార్ షోలో వాటిని చూపించారు. వెనక చక్రాలకి ఇదే ఆలోచనని 1957లో లోటస్ కంపెనీ అధిపతి కోలిన్ చాప్‌మన్ తన రేసు కారులో వాడాడు. అందుకే వెనక స్ట్రట్‌ని చాప్‌మన్ స్ట్రట్ అని కూడా అంటారు.

మన దగ్గర మారుతీ ఎస్టీమ్‌కి వెనక కూడా స్ట్రట్లే. ఇప్పటి చిన్న కార్లకి ఎక్కువగా వెనక టోర్షన్ బీమ్ ఉంటుంది, అది వేరే పద్ధతి. కానీ అమెరికాలో చదువుకోవడానికో ఉద్యోగానికో వెళ్లిన మనవాళ్లు కొనే సెకండ్ హ్యాండ్ కార్లు గుర్తు చేసుకోండి. వాటిల్లో టొయోటా క్యామ్రీ తప్పకుండా ఉంటుంది. దానికి 2018 మోడల్ వచ్చేదాకా వెనక స్ట్రట్లే. మిషిగన్‌లోనో న్యూజెర్సీలోనో ఉంటున్న మీ అన్నయ్యో అక్కో "స్ట్రట్లు మార్చడానికి షాపువాడు అంత అడిగాడు" అని ఫోన్‌లో వాపోతే, అందులో కొంత డబ్బు ఈ బోల్టు కోసమే.

ఎందుకంటే అక్కడ రోడ్ల మీద ఉప్పు చల్లుతారు. మంచు కరగడానికి. అమెరికాలో రోడ్డు మీద ఉప్పు చల్లడాన్ని ఒక విధానంగా పెట్టుకున్న మొదటి రాష్ట్రం న్యూ హాంప్‌షైర్, 1941-42 చలికాలంలో. ఇప్పుడు ఆ దేశం మొత్తం మీద ఏటా సుమారు 2 కోట్ల టన్నుల ఉప్పు రోడ్ల మీద పడుతుంది. నాకు తమాషాగా అనిపించే సంగతి ఇంకోటుంది. కార్ల రాజధాని డెట్రాయిట్ నగరం కిందే, దాదాపు 350 మీటర్ల లోతున, ఒక ఉప్పు గని ఉంది. 1910 నుంచి ఉంది. కార్లు పుట్టిన ఊరు, ఆ కార్లని తినే ఉప్పు, పైనా కిందా. మన వైజాగ్ బీచ్ రోడ్డు పక్క అపార్టుమెంట్లలో కారు పెట్టుకునేవాళ్లకి ఉప్పుగాలి ఏం చేస్తుందో కొత్తగా చెప్పక్కర్లేదు.

సరే, తుప్పు పడితే బోల్టు ఎందుకు పట్టేస్తుంది? ఇనుము తుప్పుగా మారినప్పుడు పెరుగుతుంది. ఇనుము ఎంత చోటు తీసుకునేదో తుప్పు దానికి రెండింతల పైనే తీసుకుంటుంది. మరల మధ్య ఉండే సందు వెంట్రుక మందం కూడా ఉండదు. అక్కడ తుప్పు ఉబ్బితే పోవడానికి చోటేది? నట్టునీ బోల్టునీ బిగదీసేస్తుంది. దీనికి తోడు బోల్టుని మొదట్లోనే గట్టిగా బిగిస్తారు. చాలా కార్లలో ఈ బోల్టులకి 100 న్యూటన్ మీటర్ల పైనే ఉంటుంది. అంటే మీటరు పొడవు పైపు చివర పది కిలోల బియ్యం సంచి వేలాడదీసినంత. ఆ బలంలో దాదాపు 90 శాతం రాపిడికే పోతుంది, మిగతా పది శాతమే బోల్టుని సాగదీసి పట్టు ఇస్తుంది. రాపిడి ఉండబట్టే బోల్టు దానంతటది ఊడిపోదు. తుప్పు వచ్చి అదే రాపిడిని ఎన్నో రెట్లు పెంచుతుంది. నన్నడిగితే, బోల్టు పట్టేయడమంటే అది తన పని మరీ ఎక్కువగా చేయడమే.

ఇప్పుడు ఊడదీసే సరంజామా. మీ చేతికి మొదట వచ్చేది డబ్ల్యూడీ-40 డబ్బా కదా? దాని పుట్టుక వినండి. 1953లో శాన్ డియాగోలో రాకెట్ కెమికల్ కంపెనీ అనే చిన్న సంస్థ తయారు చేసింది. పేరులోనే ఉంది కథ: నీటిని నెట్టేసే మందు, నలభయ్యో ప్రయత్నం. అట్లాస్ క్షిపణి పైతొడుగుకి తుప్పు పట్టకుండా దాన్ని వాడారు. అంటే తుప్పు రాకుండా ఆపడానికి పుట్టిన మందుని మనం తుప్పు వచ్చేశాక కొడుతున్నాం. అస్సలు పనిచేయదని కాదు, పలచగా ఉంటుంది కాబట్టి కొంత లోపలికి పాకుతుంది. కానీ బాగా పట్టేసిన బోల్టుకైతే సందుల్లోకి పాకడానికే తయారు చేసిన పెనిట్రేటింగ్ ఆయిల్ మేలు. మన షెడ్లలో కిరోసిన్ పోసి రాత్రంతా వదిలేసేవాళ్లు. పద్ధతి అదే, ఓపిక ఎక్కువ.

ఆయిల్‌తో కాకపోతే మంట. ఇది మన ఊళ్లలో కమ్మరికి ఎప్పుడో తెలుసు. ఎద్దులబండి చక్రానికి ఇనప పట్టా ఎలా ఎక్కించేవాళ్లు? పట్టాని ఎర్రగా కాల్చి, పెరిగాక చెక్క చక్రానికి తొడిగి, నీళ్లు కొట్టేవాళ్లు. చల్లారి బిగుసుకునేది. నట్టుకి సరిగ్గా దాన్ని తిరగేసి చేస్తాం: నట్టుని మాత్రం కాలిస్తే అది కాస్త పెరుగుతుంది. ఎంత? 12 మిల్లీమీటర్ల బోల్టు మీది నట్టుని 300 డిగ్రీలు వేడెక్కిస్తే మిల్లీమీటరులో వందో వంతుల లెక్కన నాలుగు వంతులు. వెంట్రుకలో సగం. అంతే, కానీ ఆ సగం వెంట్రుకతో తుప్పు పగులుతుంది. ఇంత చిన్నచోట అంత వేడి పెట్టగలిగే మంట కూడా పాతదేం కాదు. ఆక్సిజన్, ఎసిటిలీన్ కలిపి మండిస్తే 3000 డిగ్రీలు దాటుతుందని 1895లో ఫ్రెంచి శాస్త్రవేత్త లె షాతెలియే చూపించాడు. ఆ తర్వాత కొన్నేళ్లకే అది టార్చిగా వర్క్‌షాపుల్లోకి వచ్చింది.

ఇక్కడ మాత్రం వీడియో ఆపైనా సరే వినండి. స్ట్రట్ గొట్టం లోపల ఆయిల్ ఉంటుంది, చాలావాటిలో ఒత్తిడితో గ్యాసు కూడా ఉంటుంది. దానికి మంట తగిలితే పేలుతుంది. పక్కనే బ్రేకు హోసు, ఏబీఎస్ వైరు, రబ్బరు బుష్ ఉంటాయి. అందుకే స్ట్రట్ దగ్గర మంట అనేది అలవాటున్న చేతుల పని, మీ అపార్టుమెంటు పార్కింగులో చేసేది కాదు. ఇంకోటి, స్ట్రట్ పైన మధ్యలో ఒక నట్టు కనిపిస్తుంది. స్ప్రింగు కంప్రెసర్ వేయకుండా దాన్ని విప్పారంటే స్ప్రింగు తుపాకీ గుండులా లేస్తుంది. పట్టేసిన బోల్టు టైమునే తింటుంది, ఈ నట్టు మనిషినే తీసుకుపోగలదు.

ఆయిల్ అయింది, మంట అయింది, ఇంకా రాలేదు. అప్పుడు సీనియర్ మెకానిక్ ఏం చేస్తాడు? గ్రైండరు తీసి నట్టు కోసేస్తాడు. కొత్తవాళ్లకి ఇది ఓటమిలా కనిపిస్తుంది. అసలు కథ ఇక్కడే ఉందని నేనంటాను. ఎందుకంటే 1800 ప్రాంతంలో ఆ ధైర్యం ఎవరికీ ఉండేది కాదు.

అప్పట్లో ప్రతి వర్క్‌షాపుకీ తన సొంత మరలు. ఒక చోట చేసిన నట్టు ఇంకో చోట బోల్టుకి పట్టదు. కొన్నిసార్లు అదే చోట చేసిన పక్క బోల్టుకి కూడా పట్టదు. ఏ నట్టు ఏ బోల్టుదో గుర్తులు పెట్టుకునేవాళ్లు, మొగుడూపెళ్లాల్లా జంటగా ఉండాల్సిందే. నట్టు కోసేస్తే బోల్టు కూడా వ్యర్థం, మళ్లీ చేత్తో చేయించుకోవాలి. లండన్‌లో హెన్రీ మాడ్స్‌లే ఒకే రకం మరలు పదే పదే కోసే లేతు మిషన్ చేశాడు. ఆయన దగ్గర పనిచేసిన జోసెఫ్ విట్‌వర్త్ తర్వాత ఇంకో అడుగు వేశాడు. ఇంగ్లండులో రకరకాల వర్క్‌షాపుల నుంచి బోల్టులు తెప్పించి, కొలిచి, వాటికి మధ్యస్థంగా ఒక పద్ధతి తయారు చేసి 1841లో ఇంజనీర్ల సభ ముందు పెట్టాడు. మర కోణం 55 డిగ్రీలు, ఇంత లావు బోల్టుకి అంగుళంలో ఇన్ని మరలు, అందరికీ ఒకటే. రైల్వేలు దాన్ని పట్టుకున్నాయి. కొత్త ఆవిష్కరణ అంటూ ఏమీ లేదు చూడండి. ఉన్నవాటిని కొలిచి అందర్నీ ఒప్పించడమే. నా లెక్కలో అది ఆవిరి ఇంజనుకి తక్కువేం కాదు.

అమెరికావాళ్లు మాత్రం ఒప్పుకోలేదు. 1864లో ఫిలడెల్ఫియాలో విలియం సెల్లర్స్ వేరే పద్ధతి చెప్పాడు: 60 డిగ్రీలు, మర కొన గుండ్రంగా కాకుండా చదునుగా. మామూలు పనివాడు కూడా సులభంగా చేసి, సులభంగా కొలవగలడనేది ఆయన వాదన. దాంతో ఇంగ్లీషు మాట్లాడే ప్రపంచం రెండు మరలుగా చీలింది. రెండో ప్రపంచ యుద్ధంలో పక్కపక్కన పోరాడిన బ్రిటిష్, అమెరికన్ సైన్యాల బండ్లకి ఒకరి బోల్టు ఇంకొకరికి పట్టలేదు. ఆ చేదు అనుభవంతోనే 1948 నవంబరులో అమెరికా, బ్రిటన్, కెనడా కలిసి ఒకే మరకి సంతకం చేశాయి. గెలిచింది సెల్లర్స్ 60 డిగ్రీలు. 1947లో పుట్టిన అంతర్జాతీయ ప్రమాణాల సంస్థ ఐఎస్ఓలో ఒకటో నంబరు కమిటీ దేనికనుకున్నారు? మరలకే. ఇవాళ మీ కారులో ఉన్న మిల్లీమీటర్ల బోల్టుకి కూడా కోణం 60 డిగ్రీలే.

మన షెడ్లలో ఈ చరిత్ర పానాల పెట్టెలో కనిపించేది. అంబాసిడర్ రోజుల మేస్త్రీల దగ్గర ఏడు బై పదహారు, అర ఇంచి పానాలుండేవి. మారుతీ వచ్చాక పది, పన్నెండు, పద్నాలుగు, పదిహేడు. రెండు సెట్లూ దాచుకున్న మేస్త్రీలు చాలామందే.

కాబట్టి మెకానిక్ గ్రైండరు తీసినప్పుడు, రేపు పొద్దున కొత్త బోల్టు దొరుకుతుందన్న నమ్మకం ఆయన చేతిలో ఉంది. అయితే ఆ నమ్మకాన్ని జాగ్రత్తగా వాడాలి. స్ట్రట్ బోల్టుల్లో చాలావాటికి తల కింద పళ్లు ఉంటాయి, అవి చక్రం వైపు ముక్కలో గుచ్చుకుని ఉంటాయి. అలాంటి బోల్టు తలని తిప్పకూడదు, నట్టునే తిప్పాలి. నట్టు వచ్చాక బోల్టుని సుత్తితో వెనక్కి కొట్టాలి. కొత్తది కొనేటప్పుడు పాత బోల్టు తల మీద అంకె చూడండి. 10.9 అని ఉంటే, 1000 మెగాపాస్కల్స్ దాకా తెగదు, అందులో 90 శాతం దాకా శాశ్వతంగా సాగదు అని అర్థం. హార్డ్‌వేర్ షాపులో లావు, పొడవు సరిపోయే 4.6 బోల్టు చాలా తక్కువకే ఇస్తారు. మరకి సరిగ్గా పడుతుంది కూడా. కానీ బలంలో సగం కూడా ఉండదు, చక్రం దాని మీద ఆధారపడి తిరుగుతుంది. లావు ఒకటే అయినా మర సన్నం వేరు, ముతక వేరు. 12 మిల్లీమీటర్ల బోల్టుకే 1.25 మర ఉంటుంది, 1.5 ఉంటుంది, 1.75 కూడా ఉంటుంది. బిగించాక వీల్ అలైన్‌మెంట్ చూపించండి, ఎందుకంటే ఆ రెండు బోల్టుల చోట కాస్త కదిలినా చక్రం వాలు మారిపోతుంది. కోసేసిన పాత బోల్టుని మాత్రం అక్కడే చెత్తలో వేసేయకండి, పార్ట్స్ షాపుకి జేబులో వేసుకెళ్లండి. మర పోల్చుకోవడానికి అంతకన్నా మంచి కొలత ఇంకోటి దొరకదు.