మంచును తూచిన లాటిను పండితుడు

మన కృష్ణా గోదావరులు సహ్యాద్రిలో పుట్టి వాననీటితోనే నిండును. ఏటి నీరెంతయో కార్తెలు గడచినకొలది తెలియునేగాని ముందుగా తెలియదు. మంచుకొండలలో పుట్టిన నదుల తీరు వేరు. వేసవిలో వానిలో పారవలసిన నీటిలో పెద్దభాగము శీతకాలముననే కొండలపై గడ్డకట్టి నిలిచియుండును. దానిని లెక్కింపగలిగినచో, రైతు విత్తనము చల్లకమునుపే ఆ యేటి నీటిని గూర్చి చెప్పవచ్చును. ఆ లెక్కకు ఆచరణయోగ్యమైన మార్గము చూపినవాడు ఒక లాటిను భాషాధ్యాపకుడనుట మనకు వింతగా తోచును.

కొలబద్ద గ్రుచ్చి మంచు లోతు చూచిన చాలదా యని మనమడుగవచ్చును. చాలదు. ఒకే పరిమాణముగల దూదిబస్తాను, ఉప్పుబస్తాను ఎత్తి చూచినవారికి కారణము చెప్పనక్కరలేదు. అప్పుడే కురిసిన మంచు దూదివంటిది. పది అంగుళములు కరిగిన సుమారొక అంగుళము నీరు వచ్చును. అదియే నెలల తరబడి అణగి, పగటి యెండకు కొంత కరిగి, రాత్రి చలికి మరల గడ్డకట్టి, వసంతమునాటికి బరువెక్కును. ఆరడుగుల క్రొత్తమంచులో నీరు సుమారు ఏడంగుళములే. అదే లోతుగల పాతమంచులో రెండడుగులకు మించియు ఉండవచ్చును. కావున మంచును కొలిచిన చాలదు, తూచవలెను.

జేమ్స్ ఎడ్వర్డు చర్చి 1869లో అమెరికాలోని మిచిగన్ రాష్ట్రమున జన్మించెను. 1892లో రీనో పట్టణమందలి నెవాడా విశ్వవిద్యాలయమున అధ్యాపకుడుగా చేరెను. 1901లో జర్మనీలోని మ్యూనిచ్‌లో డాక్టరు పట్టము పొందెను. రీనోకు చేరువను 10,776 అడుగుల ఎత్తుగల రోజ్ పర్వతము కలదు. శీతకాలమున దాని నెక్కుట సాహసమని యెంచుచున్న రోజులలో, 1895లో, ఆయన దానిని ఎక్కెను. పిదప ఆ పర్వతముపై వాతావరణ పరిశోధనశాలను నెలకొల్పి, మంచుపై నడచుటకు అనువైన పాదరక్షలు ధరించి, మాటిమాటికి వెళ్లి కొలతలు తీసికొనుచుండెను.

అడవులు మంచును నిలిపి ఉంచునా అను ప్రశ్న ఆయనకు కలిగెను. జవాబు చెప్పుటకు చెట్ల నీడనున్న మంచును, బయలునందలి మంచును తూచి పోల్చవలసి యుండెను. అందుకై ఆయన ఒక ఉక్కుగొట్టమును రూపొందించెను. దాని కొనకు పండ్లుగల కత్తెర యంచు ఉండును. దానిని త్రిప్పుచు మంచులో నేలవరకు దింపి, లోపల నిలిచిన మంచుకడ్డీతో సహా పైకి తీసి, కాటాకు వ్రేలాడదీయుదురు. గొట్టము బరువు తీసివేయగా మిగిలినది మంచు బరువు. గొట్టపు నోరు ఒకటిన్నర అంగుళమునకు కొంచెము తక్కువ. ఆ కొలతను ఎంచుకొనుటలోనే తెలివియున్నది: తూకములో ఒక ఔన్సు చూపినచో మంచులో ఒక అంగుళము నీరున్నట్లే. చలికి వ్రేళ్లు కొంకరలు పోవుచున్నవాడు కాగితముపై గుణకారములు చేయనక్కరలేదు.

ఈ గొట్టమునకు త్వరలోనే పరీక్ష వచ్చెను. రోజ్ పర్వతమునకు దాపున టాహో సరస్సు కలదు. దానినుండి వెడలు ట్రక్కీ నది దిగువనున్న పొలములకు, విద్యుత్కేంద్రములకు ఆధారము. సరస్సు నిండుగా ఉండవలెనని దిగువవారు. నీరు పెరిగి తమ గట్టులు మునుగుచున్నవని తీరవాసులు. కరగబోవు మంచులో ఎంత నీరున్నదో తెలియనంతకాలము ఈ తగవు తీరునది కాదు. చర్చి మంచును తూచి, వసంతమున సరస్సు ఎంత పెరుగునో ముందే చెప్పసాగెను. దానినిబట్టి తలుపులెప్పుడెత్తవలెనో నిర్ణయించుట సాధ్యమయ్యెను.

కొండలపై ప్రతి గజమును తూచుట ఎవరికిని సాధ్యము కాదు. ఆయన అందుకు పూనుకొనలేదు. కొన్ని స్థలములను గుర్తించి, ఏటేట అచ్చటనే తూచి, ఈ యేటి మంచునీరు సగటులో నూటికెంతయో చూచెను. మంచు సగటులో నూటికి ఎనుబదియైనచో నదియు ఇంచుమించు ఆ పాళ్లలోనే పారునని ఆయన పద్ధతి. ఇది సులభము, చౌక. కాలిఫోర్నియా రాష్ట్రము 1929లో మంచుకొలతను చట్టబద్ధము చేసెను. 1935లో అమెరికా కేంద్రప్రభుత్వమును ఈ పనికి పూనుకొనెను. 1947లో, డెబ్బదియెనిమిదేండ్ల వయస్సున, చర్చి మన దేశమునకును వచ్చి, హిమాలయములలో మంచుకొలతకు తోడ్పడెను. 1959లో ఆయన పరమపదించెను.

నేడు కొండలపై పరచిన ద్రవపు దిండ్లు తమపై బడిన మంచు బరువును తామే తెలుపుచున్నవి. విమానములు లేజరు కిరణములతో లోతును కొలుచుచున్నవి. అయినను గొట్టము, కాటా మూలబడలేదు. 2015 ఏప్రిల్ 1వ తేదీన కాలిఫోర్నియాలో ఫిలిప్స్ అను కొలతస్థలమునకు వెళ్లినవారికి తూచుటకు మంచే లేకపోయెను. కాళ్లక్రింద పచ్చిక యుండెను. ఆ రాష్ట్రమంతట మంచునీరు సగటులో నూటికి ఐదు పాళ్లు మాత్రమే. ఆనాడే పట్టణముల నీటివాడుకను నూటికి ఇరువదియైదు తగ్గింపవలెనని గవర్నరు ఉత్తరువు చేసెను.

లోకము వేడెక్కుచున్నకొద్ది, మంచుగా నిలువవలసినది వానగా కురిసి పోవుచున్నది. గతకాలపు సగటులపై నిలిచిన లెక్కలను మరల సరిచూడవలసి వచ్చుచున్నది. గంగా సింధు నదుల నీటిని త్రాగు మన దేశమునకును ఇది పరాయి సంగతి కాదు. కొండపైనున్న నీటిని ముందుగా ఎరుగుట, దానిని తగవు లేక పంచుకొనుటకు మొదటి మెట్టు. ఆ మెట్టును మనకు చూపిన గురువు, జీవితమంతయు లాటిను పాఠములు చెప్పుచునే మంచుకొండలెక్కెను.