కొల్లేరులో అక్షరాలెన్ని?

‘కొల్లేరు’ అన్న మాటలో అక్షరాలెన్ని అని ఏలూరు బడిపిల్లవాణ్ణి అడిగితే కొ, ల్లే, రు అని వేళ్ళు మడిచి మూడంటాడు. కంప్యూటరు భాషలనడిగితే ఇరవై నాలుగని ఒకటి, ఎనిమిదని ఒకటి, నాలుగని మరొకటి చెప్పాయి. ఏదీ అబద్ధం కాదు. అక్షరమంటే ఏమిటన్న దానిపైనే పేచీ.

1970ల తొలినాళ్ళలో బెల్ ప్రయోగశాలలో పుట్టిన సీ భాషలో పొడవు కొలిచే ప్రమేయం స్ట్ర్‌లెన్. అది మొదటి బైటు నుండి బయలుదేరి, సున్నా బైటు తగిలేదాకా నడిచి, వేసిన అడుగులెన్నో చెబుతుంది. భాషతో దానికి పని లేదు. 1992లో కెన్ థాంప్సన్, రాబ్ పైక్ రూపొందించిన యూటీఎఫ్-8 పద్ధతిలో ప్రతి తెలుగు సంకేతానికీ మూడు బైట్లు. ఎనిమిది మూళ్ళు ఇరవై నాలుగు.

ఆ ఎనిమిదీ ఎక్కడివి? 1991లో యూనికోడ్ తెలుగుకు చోటిచ్చినప్పుడు మన దేశపు 1988 నాటి ఇస్కీ పట్టికను అనుసరించింది. అందులో ఒత్తులకు వేరే సంకేతాలు లేవు; పొల్లు తరువాత హల్లు వస్తే అదే ఒత్తు. కనుక క, ఒత్వం, ల, పొల్లు, ల, ఏత్వం, ర, కొమ్ము. పైథాన్‌లో అంతర్నిర్మితమైన లెన్ చెప్పేది ఈ ఎనిమిదే (2008లో వచ్చిన మూడవ పైథాన్ నుండి మామూలు మాటలన్నిటికీ ఇంతే). అదీ లెక్కపెట్టి కాదు! మాట తయారైనప్పుడే దాని పొడవు శిరోభాగంలో రాసి ఉంటుంది. లెన్ దానిని చదివి ఒప్పజెబుతుంది. కొల్లేరుకైనా, భారతం పద్దెనిమిది పర్వాలనూ ఒకే మాటగా గుచ్చి ఇచ్చినా, పట్టే కాలం ఒక్కటే. ఈ పొదుపరితనాన్ని మెచ్చుకోవలసిందే.

కాని మాటను తిరగెయ్యమంటే పైథాన్ సంకేతాలనే తిరగేస్తుంది. ‘రుల్లేకొ’ రావలసిన చోట ముందొక కొమ్ము గాలిలో వేలాడుతుంది, దాని వెనుక ‘రేల్లొక’ వస్తుంది. ఇక గణవిభజన సంగతి చెప్పాలా? కొల్లేరు తగణం: ఒత్తు ముందున్న ‘కొ’ గురువు, ‘ల్లే’ గురువు, ‘రు’ లఘువు. ఎనిమిది ముక్కలలో ఈ గురులఘువులు ఎక్కడ వెతకాలి?

2014లో వెలువడిన స్విఫ్ట్ భాష కంటికి ఒక్కటిగా కనిపించే గుంపులను లెక్కించబూనింది. మంచి సంకల్పమే. అయితే నాటి యూనికోడ్ నియమం పొల్లు దగ్గర తెగ్గొట్టేది. కొ, ల్, లే, రు అని నాలుగు తేలాయి. పొల్లు తరువాత హల్లుంటే విడదీయరాదన్న నియమం తెలుగు, దేవనాగరి, బెంగాలీ, గుజరాతీ, ఒడియా, మలయాళ లిపులకు 2023లో, యూనికోడ్ 15.1తో వచ్చింది. మన పిల్లలు ఒత్తులు దిద్దేనాడే నేర్చే సంగతి ప్రమాణంలోకి ఎక్కడానికి ముప్పై రెండేళ్ళు పట్టింది. ఆ నియమాన్ని పాటించే ప్రోగ్రాములలో ఇప్పుడు కొల్లేరుకు మూడు, తాడేపల్లిగూడేనికి ఆరు. పైథాన్ లెన్ మాత్రం తాడేపల్లిగూడెం అంటే నేటికీ పద్నాలుగే అంటుంది.